సంపాదకుని మాట: గాల్ట్‌లోని మంచు నేల

కెనడాలోని ఆంటారియోలో, గ్రాండ్ నది ఒడ్డున గాల్ట్ అనే ఊరుండేది. 1973లో పక్క ఊళ్లతో కలిసి కేంబ్రిడ్జ్ నగరమైంది. పేరు మారినా 1922లో తలుపులు తెరిచిన ఐస్ హాకీ మందిరం మాత్రం ఇంకా ‘గాల్ట్ అరేనా గార్డెన్స్’గానే నిలిచింది. నేటికీ ఆట సాగుతున్న అతి పాత మందిరాల్లో అదొకటి.

1944లో పదహారేళ్ల గోర్డీ హోవ్ ఇక్కడి జట్టులో చేరాడు. బదిలీ అనుమతి రాక ఆ ఏడాది అధికారిక పోటీలు ఆడలేదు, సాధన చేస్తూ గడిపాడు. తర్వాత ‘మిస్టర్ హాకీ’ అనిపించుకున్నవాడు అతనే! గొప్ప ఆటగాళ్ల కథల్లో ఇలాంటి ఎదురుచూపుల ఏడాదే నాకు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది.

ఇలాంటి మందిరాల్లో తెల్లవారకముందే దీపాలు వెలుగుతాయి. తండ్రులు మోకాళ్ల మీద కూర్చుని పిల్లల స్కేట్ల లేసులు బిగిస్తారు. తల్లులు దుప్పట్లు కప్పుకుని, కాఫీ కప్పు రెండు చేతులా పట్టుకుని బల్లల మీద కూర్చుంటారు. నేల కింది గొట్టాల చలువకు గట్టిపడిన మంచు మందం అంగుళం, ఒకటిన్నర అంగుళం. దాని మీద ఇనుప అంచు గీసే చప్పుడు, పక్ అనే ఆట బిళ్ల చెక్కకు తగిలే మోత. ఆంటారియోలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇవి ఇప్పుడు కొత్త కాదు.

ఈ సంచిక చిన్న ఊళ్ల ఆటస్థలాల కోసం. మీ ఊరి మైదానం గురించి మాకు రాయండి, అది ఇంకా ఉండగానే.