అంకె గుర్తుంది, అన్నం మరిచాం

ఒంగోలు క్రైస్తవ సంఘాల చరిత్ర చెప్పమంటే చాలామంది 1878 జూలై 3 దగ్గర మొదలుపెడతారు. గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న రోజది. మనవాళ్లు ఆ అంకెను గొప్పగా చెప్పుకుంటారు. గిట్టనివాళ్లు అదే అంకె చూపించి, గంజి కోసం మతం మారిన జనమని ఈసడిస్తారు. అంతకుముందు ఏం జరిగిందో ఇద్దరికీ పట్టదు. నా బాధ అదే.

అది ధాత కరువు కాలం. 1876లో మొదలై 1878 దాకా జనాన్ని పీల్చి పిప్పి చేసింది. అప్పుడు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొర ఆకలితో ఉన్నవాళ్లకు పని కల్పించడానికి బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నారు. కుర్రతనంలో సర్వే పని నేర్చిన అనుభవం అక్కడ అక్కరకొచ్చింది. తన తెలుగు బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. మాల మాదిగలంటే అదిలించి తరిమే రోజుల్లో, తమ మనిషే మేస్త్రీగా నిలబడి పని చూపిస్తే ఆ కూలీలకు ఎంత ధైర్యమో ఆలోచించండి. సంఘస్తులే కాదు, ఊరూ పేరూ తెలియనివాళ్లూ వచ్చి గడ్డపార పట్టారు. కలరా కూడా వచ్చిపడింది. బోధకులు వాళ్లను వదిలి పోలేదు.

బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడిగారు. కరువు సాయం సాగినంతకాలం క్లౌ దొర ఇవ్వలేదు. కూడు పెట్టి మతం ఇచ్చారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఆపారు. సాయం ముగిశాకే గుండ్లకమ్మలో దిగనిచ్చారు. గంజికి మతం మారారనేవాళ్లకు ఇంతకంటే జవాబేం కావాలి? అయినా ఆ నిగ్రహం గురించి మన వేదికల మీద ఎంతమంది మాట్లాడుతున్నారు? 1866లోనే బాప్తిస్మం పొంది మాదిగల్లో దారి వేసిన యర్రగుంట్ల పేరయ్య పేరైనా మన పిల్లలకు తెలుసా?

మరిచినందుకు ఫలితం మన పొలాల్లోనే కనిపిస్తోంది. ఏటా మిరప కోతలకు కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు, ప్రకాశం పల్లెలకు వలస వస్తాయి. చేను గట్టున పట్టాలు కప్పుకుని ఉంటాయి. బడికెళ్లాల్సిన పిల్లలు కల్లంలో ఆరబోసిన కాయల పక్కన చంటివాళ్లను ఆడిస్తుంటారు. ఆ ఘాటుకు దగ్గుతూ, మండే చేతులతోనే తల్లి సంకటి ముద్ద చేసి పెడుతుంది. కూతవేటు దూరంలో మన గుడి మైకు మోగుతూనే ఉంటుంది. గుడి కుళాయికి మాత్రం తాళం.

పరదేశిని చేర్చుకున్నావా అన్నది తీర్పునాటి ప్రశ్నల్లో ఒకటని మత్తయి సువార్త 25వ అధ్యాయం చెబుతోంది. బాప్తిస్మాల లెక్క అక్కడ అడగరు.

సంఘ పెద్దలారా, ఈ కోతల కాలంలో గుడి కుళాయి, మరుగుదొడ్డి ఆ కూలీలకు తెరవండి. జ్వరమొచ్చిన మనిషిని ప్రభుత్వాసుపత్రికి మీరే తీసుకెళ్లండి. పిల్లల్ని దగ్గరుండి బడిలో కూర్చోబెట్టండి. కిలోల లెక్కన కూలి ఇచ్చేచోట కాటా దగ్గర వాళ్ల తరఫున నిలబడండి. వాళ్ల దేవుడెవరని అడగొద్దు. కాలువ గట్టున మన బోధకులు చేసింది ఇదే. వాళ్ల పేరు నిలబెట్టాలంటే మనం చేయాల్సిందీ ఇదే.