గండిపేట నీళ్లను కాపాడిన చదువు

ఎల్‌ఎల్‌ఎంలో అంతర్జాతీయ చట్టం, సుస్థిర అభివృద్ధి చదువుతానన్న పిల్లలకు మన దగ్గర ఒకటే సలహా దొరుకుతుంది: "కార్పొరేట్ లా తీసుకో. ఐక్యరాజ్యసమితి తీర్మానాలు చదివి ఏ కోర్టులో వాదిస్తావు?" సీనియర్ లాయర్లు అంటారు, కన్నవాళ్లు అంటారు, పాఠం చెప్పాల్సిన అధ్యాపకుల్లోనూ కొందరు అంటారు. అమలు చేయించే పోలీసు లేని చట్టం చట్టమే కాదన్నది వాళ్ల నమ్మకం. అది తప్పు. మనకు నష్టం కూడా.

ఏ కోర్టులోనా? సుప్రీంకోర్టులోనే, అదీ హైదరాబాద్ మంచినీళ్ల కోసం. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలకు పది కిలోమీటర్ల లోపల ఒక నూనెల ఫ్యాక్టరీకి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించింది. అప్పిలేట్ అథారిటీ కంపెనీ పక్షాన తీర్పిచ్చింది, హైకోర్టూ అటే మొగ్గింది. 1999లో ఆ వివాదం జస్టిస్ ఎం. జగన్నాథరావు ధర్మాసనం ముందుకొచ్చింది. హాని జరుగుతుందో లేదో శాస్త్రజ్ఞులే తేల్చలేనప్పుడు రుజువు చేయాల్సింది ఎవరు? జవాబు కోసం కోర్టు 1982 నాటి ప్రకృతి ప్రపంచ ఛార్టర్‌నీ, 1992 రియో ప్రకటననీ తిరగేసింది. ముందుజాగ్రత్త సూత్రం ప్రకారం, హాని లేదని నిరూపించే భారం ఫ్యాక్టరీ పెట్టేవారిదేనని చెప్పింది. 2000 డిసెంబరులో తుది తీర్పు మండలి వైపే వచ్చింది.

కథ అక్కడితో ఆగలేదు. ఇలాంటి కేసుల్లో జడ్జీల పక్కన శాస్త్ర నిపుణులూ ఉండాలని 1999 నాటి తీర్పు కోరింది. అదే జగన్నాథరావు అధ్యక్షతన లా కమిషన్ 2003లో 186వ నివేదిక ఇచ్చింది. 2010లో జాతీయ హరిత ట్రైబ్యునల్ చట్టం వచ్చింది. సుస్థిర అభివృద్ధి, ముందుజాగ్రత్త, కాలుష్యం చేసినవారే మూల్యం చెల్లించడం అనే సూత్రాలను పాటించాలని ఆ చట్టం 20వ సెక్షన్ ట్రైబ్యునల్‌ను ఆదేశిస్తోంది. తీర్మానంగా పుట్టిన మాట మన పార్లమెంటు చట్టంలో సెక్షనై కూర్చుంది. ఇంకా ఏ కోర్టు అని అడుగుతారా?

ఇదంతా పాశ్చాత్యుల సరుకు అనేవాళ్లూ ఉన్నారు. డాన్యూబ్ నది మీది ప్రాజెక్టుపై హంగేరీ, స్లొవేకియాలు అంతర్జాతీయ న్యాయస్థానంలో తగువులాడిన కేసులో, 1997లో, శ్రీలంక న్యాయమూర్తి వీరమంత్రి రాసిన ప్రత్యేకాభిప్రాయం చదవమనండి. సుస్థిర అభివృద్ధికి ఆయన చూపిన ఉదాహరణ సింహళ రాజులు తవ్వించిన చెరువులు. రామప్ప, పాకాల చెరువుల కింద పంట పండించుకున్న వాళ్లం మనం. ఆ వాదాన్ని మన చెరువులతో బలపరచే పరిశోధన మన లా కాలేజీల్లోంచే రావాలి.

అమలు బలహీనమన్న మాట నిజమే, కాదనను. పారిస్ ఒప్పందంలో ఎవరి లక్ష్యం వారే పెట్టుకుంటారు. కానీ చెరువుల పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) పరిధిలో భవనాలు లేచింది కూడా చట్టాలు ఉండగానే కదా! అమలు కానిచోట చదివినవాళ్ల అవసరం మరింత ఎక్కువ. 2019లో వనువాటులో 27 మంది లా విద్యార్థులు, వాతావరణ మార్పు విషయంలో దేశాల బాధ్యతేమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడగాలని పట్టుబట్టారు. వనువాటు ప్రభుత్వం ఆ కోరికను భుజాన వేసుకుంది. 2023లో ఐరాస సర్వసభ్య సమావేశం ఓటింగ్ అవసరం లేకుండానే తీర్మానం ఆమోదించింది. 2025 జులై 23న హేగ్‌లో న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు: వాతావరణానికి గణనీయమైన హాని జరగకుండా చూడటం దేశాల చట్టబద్ధ బాధ్యత, తప్పితే పరిహారం దాకా జవాబుదారీ కావాల్సి రావచ్చు. సలహాభిప్రాయమే, నేరుగా కట్టుబడి ఉండాల్సిన తీర్పు కాదు. అయినా రేపు ఏ దేశపు కోర్టులోనైనా వాది చేతిలో అదొక ఆధారం.

ఉప్పాడలో సముద్రం ఇళ్లను మింగుతోంది. అక్కడి మత్స్యకారుల తరఫున హేగ్ అభిప్రాయాన్ని చదివి, అర్థం చేసుకుని, వాదించగల తెలుగు లాయర్లు కావాలి. ఎల్‌ఎల్‌ఎంలో చేరబోతున్న విద్యార్థులారా, ఈ సబ్జెక్టు తీసుకోండి. ఎవరెంత వెనక్కి లాగినా తీసుకోండి.