పోయింది డిస్కండీ, లాప్‌టాప్ కాదు!

కుక్కరు గాస్కెట్ తెగిందని కుక్కర్నే పారేసే ఇల్లాలిని మీరెక్కడైనా చూశారా? గ్రైండరు బెల్టు తెగిందని గ్రైండరునే పాతసామాన్లవాడికి వేసేవాళ్ళున్నారా? అలా ఎవరైనా చేస్తే, 'ఆవిడకి సంసారం చెయ్యడం చేతకాదమ్మా' అని నలుగురూ బుగ్గలు నొక్కుకుంటారు. అదే పని లాప్‌టాప్ విషయంలో చేస్తే మాత్రం తెలివైనవాళ్ళని పేరు!

ఇంత కోపం ఎందుకొచ్చిందో చెప్తాను, వినండి.

మా ఇంట్లో లాప్‌టాప్ 2015లో మా అమ్మాయి ఇంజనీరింగులో చేరినప్పుడు కొన్నది. దానికి ఉద్యోగం వచ్చి బెంగుళూరు వెళ్ళిపోయాక అది నా పాలబడింది. కరెంటు బిల్లులు, ఆవకాయ కొలతలు, పెళ్ళిళ్ళలో చదివించిన కట్నాల లెక్కలు, అన్నీ అందులోనే. వాటితోపాటు మా అమ్మ పాడిన నలభై ఒక్క పాటలు. తలుపు దగ్గర పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు. పోవడానికి రెండేళ్ళ ముందు, మంచం మీద దిండుకి ఆనుకుని, మధ్య మధ్య దగ్గుతూ, "ఇంక ఆపవే, గొంతు బాగాలేదు" అంటూనే పాడినవి. వాటికి ఇంకో కాపీ లేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. ఆవకాయ రెండు జాడీల్లో సర్దుకునేదాన్ని, అమ్మ గొంతుని ఒక్కచోటే ఉంచాను.

మొన్న వేసవిలో లాప్‌టాప్ నీరసించింది. తెరుచుకోవడానికి పావుగంట. ఒక ఫైలు నొక్కితే ఈలోగా పప్పు ఉడికిపోయేది. తర్వాత లోపల్నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు, బల్లి పలికినట్టు. నేను పట్టించుకోలేదు. ఒకరోజు పొద్దున్న నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు: బూట్ చేసేందుకు డిస్కు ఏదీ దొరకలేదట. అంతే, ఇంక కదల్లేదు.

రిపేరు షాపుకి తీసికెళ్ళాను. అబ్బాయి ఆన్ చేసి అరనిమిషం చూశాడేమో. "బోర్డు పోయింది మేడమ్. పాత మోడలు, పార్టులు దొరకవు. ఎక్స్‌ఛేంజిలో కొత్తది తీసుకోండి, మంచి రేటు ఇప్పిస్తాను" అన్నాడు.

"మరి అందులో ఉన్నవి?"

"అవి పోయినట్టే మేడమ్."

పోయినట్టే! అద్దెకి తెచ్చిన గిన్నె పోయినంత తేలిగ్గా అన్నాడండీ! మూత విప్పలేదు, ఒక్క మర తిప్పలేదు. ఏడుపు దిగమింగుకుని ఆటో ఎక్కాను. సగం దారిలో నాకు వెలిగింది. బోర్డు పోతే ఆ తెర మీద అక్షరాలు ఎవరు రాశారు? ఫ్యాను ఎవరు తిప్పారు? 'డిస్కు దొరకలేదు' అని చెప్పడానికైనా చెప్పే మనిషి బతికుండాలిగా!

ఇంటికొచ్చి మావారితో అంటే, "పదేళ్ళు పనిచేసింది, ఇంకేం కావాలి? నీకెందుకే ఆ మరలూ మేకులూ, షాక్ కొట్టగల్దు" అన్నారు. నవ్వొచ్చింది. కుట్టుమిషను షటిల్ విప్పి, ఇరుక్కున్న దారప్పోగు లాగి, నూనె వేసి మళ్ళీ బిగించే చెయ్యి ఇది. ఫ్యూజు పోతే స్టూలెక్కేది ఎవరు? ఆయన కింద నిలబడి టార్చి పడతారు. ఆ టార్చి పట్టినందుకే, "ఫ్యూజు వేశాం" అని మర్నాడు ఆఫీసులో చెప్పుకుంటారు.

మా మరిదిగారు ఫోనులో ఇంకో వైద్యం చెప్పారు. డిస్కు తీసి ఫ్రీజర్లో పెట్టాలట! తీసింతర్వాత దానికి చెమ్మ పడుతుందనీ, ఆ చెమ్మ లోపలి పలకల మీద చేరితే ఉన్న ప్రాణం కూడా పోతుందనీ ఆయనకి తోచలేదు. ఫ్రిజ్ లోంచి తీసిన చెంబు ఒళ్ళంతా చెమర్చడం రోజూ చూసేవాళ్ళం మనం కాబట్టి మనకి తోస్తుంది.

అసలు హార్డ్‌డిస్కంటే బ్రహ్మపదార్థమేం కాదు. అద్దంలా మెరిసే పలకలు, గ్రామఫోను ప్లేట్లలాగా గిర్రున తిరుగుతుంటాయి. లాప్‌టాపుల్లోవి ఎక్కువగా నిమిషానికి 5400 చుట్లు తిరిగే రకం. గ్రామఫోను ముల్లులా ఒక చెయ్యి వాటి పైన అటూ ఇటూ పోతుంది. అయితే పలకని తాకదు, తలవెంట్రుక మందంలో వేలవంతు ఎడంలో తేలుతూ ఉంటుంది. ఆ చెయ్యి తన చోటు కనుక్కోలేక తడుముకుంటూంటే వచ్చేదే ఆ బల్లి చప్పుడు. 1956లో ఐబీఎం వాళ్ళు మొదటి హార్డ్‌డిస్కు చేసినప్పుడు అందులో రెండేసి అడుగుల వెడల్పు పలకలు యాభై. టన్ను బరువు. పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇప్పటి లెక్కలో మా అమ్మ పాట ఒకటి పట్టడమే గగనం. ఇప్పుడది అరచేతిలో ఇమిడిపోతోంది. ఇమిడిందంతే, తిరిగే వస్తువు తిరిగేదే. గానుగ ఎద్దయినా ఒకనాటికి అలిసిపోతుంది.

పక్కవాటాలో ఇంటర్ చదివే అమ్మాయిని కేకేశాను. "ఆంటీ, ముందు ఎఫ్2 నొక్కి చూద్దాం" అంది. మా లాప్‌టాపుకి ఆ మీట, వేరే కంపెనీలకి వేరే ఉంటుంది. ఆన్ చేస్తూనే అది నొక్కితే లాప్‌టాప్ తన ఒంట్లో ఏమేం ఉన్నాయో తనే జాబితా చెబుతుంది. మెమరీ ఉంది, ప్రాసెసరు ఉంది, డిస్కు ఉండాల్సిన చోట ఖాళీ. రెండు నిమిషాల్లో తేలిపోయింది. ఆ షాపు అబ్బాయికి ఇది తెలియదా? తెలిసి కూడా చెప్పలేదంటే నాకు ఇంకా మంట.

ఛార్జరు పీకేసి, కింద గొళ్ళెం జరిపి బ్యాటరీ తీసేశాం. ఇంక షాకెక్కడిది? సన్న స్టార్ స్క్రూడ్రైవరుతో పదకొండు మరలు. పొడుగువి, పొట్టివి కలిసిపోతాయని పోపులపెట్టె కడిగి ఆరబెట్టి, ఏ మూలవి ఆ గిన్నెలో వేశాను. డిస్కుని సాకెట్ నుంచి పక్కకి జరిపితే ఊడొచ్చింది. సాకెట్లో వదులైందేమోనని ఒకసారి మళ్ళీ గట్టిగా పెట్టి చూశాం. ఊహూఁ, బల్లి పలుకుతూనే ఉంది.

ఇక్కడ ఒక్కమాట చెప్పాలి. ఇలా చప్పుడు చేసే డిస్కుని ఊరికే ఆన్ చేస్తూ, ఆపేస్తూ ఉండకూడదు. తిరిగిన ప్రతిసారీ పలక గీసుకుపోవచ్చు. అందులో ఉన్నది ప్రాణమంత విలువైతే, డబ్బు పెట్టుకోగలిగితే, వెంటనే ఆపేసి, డేటా తీసిపెట్టడమే వృత్తిగా ఉన్నవాళ్ళకి ఇవ్వడం నయం. వాళ్ళు అడిగిన డబ్బు నా దగ్గర లేదు. చిన్న బయటి డబ్బా కొనుక్కొచ్చి, అందులో డిస్కు పెట్టి, ఆ పిల్ల కంప్యూటరుకి తగిలించాం. రెండుసార్లు పలకలేదు. మూడోసారి "ఫార్మాట్ చెయ్యమంటారా?" అని అడిగింది. అడుగుతుంది మరి! చెయ్యమన్నామా, కథ కంచికే. ససేమిరా అన్నాం. కాసేపటికి ఫోల్డర్లు కనపడ్డాయి. రిపేర్లు, గిపేర్లు మొదలుపెట్టకుండా ముందు అమ్మ పాటలు పక్కకి తీశాం. ఒక్కొక్కటీ వస్తోంటే పురిటిగది బయట కూచున్నట్టుంది నాకు. ముప్ఫై మూడు వచ్చాయి. తర్వాత డిస్కు చప్పుడు కూడా మానేసింది.

దాని చోట ఎస్ఎస్‌డీ పెట్టాం. తిరిగే పలకలు లేవు, అంతా చిప్పులే. అదే కొలత, అదే సాకెట్, అవే నాలుగు మరలు. ఆ పిల్ల పెన్‌డ్రైవు లోంచి విండోస్ ఎక్కించింది. లైసెన్సు బోర్డుకి ముడిపడి ఉంటుందట, మళ్ళీ కొననక్కర్లేకపోయింది. ఖర్చు కొత్త లాప్‌టాప్ ధరలో పదోవంతు కూడా కాలేదు. ఇప్పుడు అర నిమిషంలో తెరుచుకుంటోంది. "కొత్తదానికంటే బాగుందే!" అంటున్నారు మావారు, తనే బిగించినట్టు.

రిపేరు షాపులన్నీ దగా అని నేననను. విప్పి, చూసి, నిజం చెప్పి, న్యాయంగా తీసుకునేవాళ్ళు ఉన్నారు. కానీ విప్పకుండానే చావుకబురు చెప్పేవాడి మాట నమ్మి తలూపేది మనమే. అంతకంటే పెద్ద దగా కొత్త వస్తువుల్లోనే వస్తోంది. పల్చగా, పాపిడి బిళ్ళలా ఉండాలని కొన్ని రకాల్లో ఈ చిప్పుల్ని బోర్డుకే టంకం వేసేస్తున్నారు. అవి పోతే నిజంగానే బోర్డంతా మార్చాలి. షాపు అబ్బాయి అబద్ధాన్ని కంపెనీలే నిజం చేస్తున్నాయన్నమాట! మన దేశంలో వినియోగదారుల శాఖ 2022 జూలైలో 'మరమ్మతు హక్కు' కోసం ఒక సంఘం వేసింది. డిసెంబరు 24న దానికో పోర్టలు కూడా తెరిచారు. సంతోషమే. పోర్టలు తెరిస్తే టంకం ఊడదుగా! కొనేటప్పుడు చీరకి అంచూ, కొంగూ తిరగేసి చూస్తాం. ఇదీ తిరగేసి, "డిస్కు మార్చుకోవచ్చా?" అని అడిగితే సేల్స్‌మన్ మొహం ఎలా మారుతుందో చూడండి.

అమ్మ పాటల్లో ఎనిమిది పోయాయి. అందులో మూడు మా తెనాలి పిన్నికి వచ్చునట. అప్పగింతల పాటలో రెండో చరణం దగ్గర ఆవిడకీ అనుమానమే. వచ్చే ఆదివారం వెడుతున్నాను, రెండు పెన్‌డ్రైవులు పట్టుకుని.