మట్టిని కాలువలోకి వదలని ఇంటికి గౌరవం దక్కాలి

జంషెడ్‌పూర్‌లోని సోనారి తెలుగువారికి, ఇళ్లు కట్టిస్తున్న యజమానులకు, బిల్డర్లకు, మేస్త్రీలకు విజ్ఞప్తి!

ఖర్కాయి, సువర్ణరేఖ కలిసే దోముహాని మన సోనారిలోనే ఉంది. మన వీధుల్లో పడిన వాన చివరికి ఆ నదుల్లోకే చేరుతుంది. దాని వెంట రోడ్డు పక్కన పోసిన ఇసుక, పునాదిలోంచి తీసిన మట్టి, సిమెంటు కడిగిన నీళ్లూ పోతున్నాయి. బరువైనది కాలువలోనే దిగి పూడిక అవుతుంది. పెద్ద వానకు నీళ్లు రోడ్డెక్కుతాయి. సన్నని ఒండ్రు నదిలో కలుస్తుంది. ఇల్లు ఒకరిది, పూడికతీత ఖర్చు అందరిదీ.

నియమాలు లేక కాదు. నిర్మాణ, కూల్చివేత వ్యర్థాలు కాలువలకు అడ్డుపడకూడదని 2016లోనే కేంద్రం చెప్పింది. కానీ జరిమానా పడేసరికి మట్టి కొట్టుకుపోయి ఉంటుంది. ముందే ఇసుకపై పట్టా కప్పి, పల్లపు అంచున బస్తాలు పేర్చిన మేస్త్రీకి మెప్పు లేదు. పైగా అది దండగ ఖర్చంటారు. హరిత భవనాలకు 'గృహ' వంటి రేటింగులున్నా, మామూలు ఇళ్లవాళ్లు వాటి జోలికి పోవడం అరుదు.

అందుకే ఏటా 'వాననీటి గౌరవ పత్రం' ఇవ్వాలని జంషెడ్‌పూర్ నోటిఫైడ్ ఏరియా కమిటీని కోరుదాం. మన కోరికలివి:

1. తనిఖీ వాన పడిన రోజునే జరగాలి. ఎండలో తీసిన ఫొటోలు చెల్లవు.

2. ఇసుక, కంకర, మట్టి స్థలం హద్దులోపలే ఉండాలి. బురదనీరు తేరుకునే గుంట ఉండాలి.

3. డాబా నీరు ఇంకుడు గుంతకు చేరాలి. 100 చదరపు మీటర్ల డాబాపై ఒక్క సెంటీమీటరు వాన పడితే 1,000 లీటర్లు!

4. పత్రంపై యజమాని పేరు పక్కనే మేస్త్రీ పేరూ ఉండాలి. ఇసుక ఎక్కడ పోయాలో చెప్పేది ఆయనే. రేపటి పనికి అదే ఆయనకు సిఫారసు.

5. మొక్కలు నాటినంత మాత్రాన పత్రం ఇవ్వకూడదు. మళ్లీ మట్టి వదిలితే రద్దు చేయాలి.

నదులే పొంగితే వచ్చే వరదను ఇది ఆపలేదు. అయితే నది నిండుగా ఉన్నప్పుడు కాలువ నీరు త్వరగా దిగదు. అప్పుడు పూడిక లేని ప్రతి అంగుళమూ మనకు అక్కరకొస్తుంది.

కొత్తగా ఇల్లు మొదలుపెట్టేవారు పట్టా, బస్తాలు, గుంటల ఖర్చును ఒప్పందంలోనే రాయించండి. మిగతావారు ఈ కోరికలపై సంతకాలు చేయండి. తొలకరికి ముందే అందరం కలిసి వెళ్లి కమిటీ కార్యాలయంలో అందజేద్దాం.

ఇట్లు
సోనారి తెలుగు నివాసులు