చిప్పు మార్చా... పిన్నులు వంచా!

"అన్నా, నీ పాత ప్రాసెసర్ నాకే ఇస్తానన్నవ్... యాదికుంది గదా?"

మా చిన్నాయన కొడుకు వారానికి రెండుసార్లు ఇదే అడిగేవాడు. వాడి ఇంటర్ అయిపోయింది. ఇంజినీరింగ్‌లో చేరేలోపు బ్లెండర్, పైథాన్ నేర్చుకోవాలని వాడి ఆశ. మొఘల్‌పురాలో చిన్నాయనది చిన్న టైలరింగ్ షాపు. సెకండ్ హ్యాండ్ మదర్‌బోర్డుకీ, క్యాబినెట్‌కీ ఆయన పైసా పైసా కూడబెట్టాడు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు నా పాతవి ఇస్తానని నేను మాటిచ్చా. ఆ మాట ఒక మధ్యాహ్నం కాస్తలో మట్టిలో కలిసిపోయేది. ఆ సంగతే ఈ వారం కబురు.

కార్డు కొన్నా ఫ్రేమ్స్ రాలేదు

నా పీసీ సంగతి ముందు చెప్పాలి. బీ450 మదర్‌బోర్డు, 2018లో వచ్చిన రైజెన్ 5 2600 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్. పోయినేడు 1050 టీఐ కార్డు తీసేసి ఆర్‌ఎక్స్ 6600 పెట్టా. ఇక వాలరెంట్‌లో రెచ్చిపోవచ్చు అనుకున్నా. తీరా చూస్తే పాత కథే! నలుగురు ఒక్కచోట స్మోక్‌లు వేసుకుని కొట్టుకుంటుంటే స్క్రీన్ జర్క్ కొడుతుంది. చచ్చేది మాత్రం నేనే.

అప్పుడు చేయాల్సిన పని ఒక్కటే. ఆటలో ఉండగా జీపీయూ ఎంత వాడుతుందో చూడాలి. నా కార్డు 55, 60 శాతం దగ్గరే తూగుతోంది. రిజల్యూషన్ తగ్గించి చూశా. ఫ్రేమ్స్ అంతంతే. అంటే కార్డు ఖాళీగా కూర్చుంది, పని అందించేవాడే స్లో.

ఇరానీ హోటల్‌తో పోల్చి చెప్తా. లోపల ఛాయ్ మాస్టర్ ఎంత ఉస్తాద్ అయినా, ఆర్డర్లు తెచ్చే కుర్రాడు నిమిషానికి పది చీటీలే తెస్తే పది కప్పులే బయటికొస్తాయి. గ్రాఫిక్స్ కార్డు ఛాయ్ మాస్టర్. ప్రాసెసర్ ఆ కుర్రాడు. నేను మాస్టర్‌ని మార్చా, కుర్రాణ్ని మార్చలేదు.

మీ దగ్గర కూడా జీపీయూ 95 శాతం దాటి వాడుతుంటే ప్రాసెసర్ మార్చి లాభం లేదు. పైసలు దాచుకోండి. 60, 70 దగ్గర ఆగి, ఫ్రేమ్స్ పడిపోతుంటే మాత్రం చదవండి.

ఫ్రీగా వచ్చేది ముందు తీసుకోండి

ప్రాసెసర్ కొనేముందు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అక్కడ మెమరీ తెరిచా. నా ర్యామ్ డబ్బా మీద 3200 అని రాసుంది. స్క్రీన్ మీద 2133! కొన్న రోజు నుంచీ అంతే. ఇన్నేళ్లూ బైకును ఫస్ట్ గేర్‌లో నడిపినట్టు అయింది నా పని.

తప్పు ర్యామ్‌ది కాదు, నాది. బయోస్‌లో ఎక్స్ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తేనే అది రాసున్న స్పీడ్ అందుకుంటుంది. కొన్ని బోర్డుల్లో దీన్నే డీఓసీపీ అంటారు. ఏఎండీ చిప్‌లకు ఇది ఇంకా ముఖ్యం. లోపలి భాగాలను కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ అనే దారి ర్యామ్ వేగంతో కలిసి నడుస్తుంది. ర్యామ్ 3200 అయితే ఆ దారి 1600 మెగాహెర్ట్జ్ మీద పరుగెడుతుంది. ర్యామ్ నిద్రపోతే దారి కూడా నిద్రపోతుంది. నా పాత చిప్‌కు అధికారికంగా 2933 వరకే సపోర్ట్. అయినా నా దాంట్లో 3200 నిలబడింది. పైసా ఖర్చు లేకుండా జర్క్‌లు కొంత తగ్గాయి.

ఇంకో మాట. రెండు ర్యామ్ స్టిక్‌లుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టండి. చాలా బోర్డుల్లో అదే కరెక్ట్. పక్కపక్కన పెడితే సాధారణంగా ఒకే చానెల్ మీద నడుస్తాయి.

పార్క్‌లేన్ ప్రయాణం

అయినా ఫైట్లలో తిప్పలు పూర్తిగా పోలేదు. దాంతో ఒక శనివారం ఉప్పుగూడలో ఎంఎంటీఎస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగా. అక్కణ్నుంచి పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. పాతబస్తీలో ముత్యాలు కావాలంటే పత్తర్‌గట్టి, గాజులు కావాలంటే లాడ్‌బజార్. పీసీ పార్టులు కావాలంటే మాత్రం మూసీ దాటాల్సిందే.

షాపులో కుర్రాడు కొత్త ఏఎం5 సెట్ చూపించాడు. బాగుంది. కానీ అది తీసుకుంటే మదర్‌బోర్డు మార్చాలి, డీడీఆర్5 ర్యామ్ కొనాలి. లెక్కేస్తే నా బడ్జెట్‌కు మూడింతలు దాటింది. "ఇదే బోర్డులో కూర్చునేది ఏముంది భయ్యా?" అనడిగా. రైజెన్ 5 5600 తీసిచ్చాడు.

ఇక్కడ కొంచెం చరిత్ర. 2017లో తొలి రైజెన్ వచ్చింది ఏఎం4 సాకెట్ మీద. 2020 మేలో ఏఎండీ, రాబోయే జెన్ 3 చిప్‌లు బీ450 బోర్డుల్లో పనిచేయవని చెప్పింది. కొనుక్కున్నవాళ్లు గొడవ చేశారు. అదే నెలలో కంపెనీ వెనక్కి తగ్గింది. ఆ రోజు గట్టిగా అడిగినవాళ్ల పుణ్యమే ఈ రోజు నా బోర్డులో కొత్త చిప్.

2600కీ 5600కీ కోర్లు ఆరే, థ్రెడ్‌లు పన్నెండే. మరి తేడా ఏంటి? ఒక్కో కోర్ పని చేసే తీరు మారింది, క్యాష్ మారింది. క్యాష్ అంటే వంట చేసేవాడి చేతికందే అలమర. ర్యామ్ అంటే బేగంబజార్. ఉప్పు అయిపోయిన ప్రతిసారీ బేగంబజార్ పోతే బిర్యానీ ఎప్పటికవుతుంది? పాత చిప్‌లో 16 ఎంబీ ఎల్3 క్యాష్, అది కూడా రెండు ముక్కలుగా. మూడేసి కోర్లకు 8 ఎంబీ. కొత్తదాంట్లో 32 ఎంబీ, ఆరు కోర్లకూ కలిపి ఒకే అలమర. ఇదే సాకెట్ మీద 2022లో వచ్చిన 5800ఎక్స్3డీలో ఏకంగా 96 ఎంబీ పేర్చారు. అందుకే ఆటల్లో దానికంత పేరు. నా జేబు 5600 దగ్గరే ఆగింది.

పాత చిప్ ఉండగానే బయోస్

ఇంటికొచ్చి ముందు చేసింది బయోస్ అప్‌డేట్. కొత్త చిప్ పెట్టాక చేద్దామంటే స్క్రీనే రాకపోవచ్చు. బోర్డు కంపెనీ సైట్‌లో సీపీయూ సపోర్ట్ లిస్ట్ చూసి, 5600కు ఏ వర్షన్ కావాలో రాసుకున్నా. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఆ ఫైల్ వేశా. మా లాల్‌దర్వాజా గల్లీలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. మధ్యలో పోతే బోర్డు మళ్లీ లేవకపోవచ్చు. పక్కింట్లోంచి యూపీఎస్ తెచ్చి పెట్టా. నాలుగు నిమిషాలు దేవుణ్ని తలుచుకున్నా. అయిపోయింది.

కష్టమైనది దాటేశా అనుకున్నా. అక్కడే దెబ్బతిన్నా.

టక్‌మని ఊడొచ్చింది

కూలర్ నాలుగు స్క్రూలు విప్పి పైకి లాగా. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగా. టక్! కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా సాకెట్లోంచి ఊడొచ్చింది. పాత థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఫెవికాల్‌లా పట్టేసింది. లాకింగ్ లివర్ వేసే ఉంది, అయినా ఆపలేకపోయింది. దాన్ని కూలర్ నుంచి వేరు చేయబోతే చేజారి బండల మీద పడింది.

ఏఎం4 చిప్ కింద 1331 పిన్నులుంటాయి. వెంట్రుక కంటే కాస్త లావు. ఒక మూల వరస మొత్తం గాలికి వంగిన వరిచేనులా పడుకుంది.

నాకు పోయిందేం లేదు. నా కొత్త చిప్ డబ్బాలో భద్రంగా ఉంది. పోయింది మా వాడిది. బోర్డు కొనేశామని చిన్నాయన పొద్దున్నే ఫోన్ చేశాడు కూడా. ఇప్పుడు "తమ్మీ, నీ ప్రాసెసర్ కింద పడేసిన" అని ఏ నోటితో చెప్పను?

యూట్యూబ్‌లో చూస్తే 0.5 పెన్సిల్ మొనలో పిన్ను దూర్చి నిలబెట్టమంటున్నారు. నా చేతులు వణుకుతున్నాయి. అప్పుడు గుల్జార్ హౌజ్ పక్క గల్లీలో గడియారాలు బాగుచేసే చాచా గుర్తొచ్చాడు. నాన్న వాచీకి ఎప్పుడూ ఆయనే డాక్టర్.

చిప్‌ను స్పాంజిలో పెట్టుకుని పోయా. చాచా కంటికి భూతద్దం పెట్టుకుని తిప్పి చూశాడు. "ఇదేంది బేటా, దువ్వెనా?"

"కంప్యూటర్ దిమాగ్ చాచా."

సన్నటి పట్కారు తీశాడు. ఫ్యాన్ ఆపేశాడు. నన్ను మాట్లాడొద్దన్నాడు. అరగంట. ఒక్కో పిన్ను. మధ్యలో ఒక్కమాటే అన్నాడు: "ఒక్కసారే సీదా చెయ్యాలె. మళ్లమళ్ల వంచితే ఇరుగుతది."

రెండొందలు తీసుకుని, "ఇంక ఇసొంటివి తేకు, కండ్లు పోతయి" అన్నాడు. దండం పెట్టి వచ్చేశా.

నాలా చేయకండి. కూలర్ తీసేముందు పది నిమిషాలు ఏదైనా ఆట ఆడండి, పేస్ట్ వేడెక్కి మెత్తబడుతుంది. పీసీ ఆపి, ప్లగ్ పీకి, స్క్రూలు విప్పాక కూలర్‌ను కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పండి. కదిలాకే పైకెత్తండి. చిప్ పెట్టేటప్పుడు మూలనున్న త్రికోణం గుర్తు కలిపి వదిలేస్తే దానంతటదే కూర్చోవాలి. వేలితో నొక్కారంటే ఏదో తప్పుంది. ఏఎం5లోనూ, ఇప్పటి ఇంటెల్‌లోనూ పిన్నులు చిప్‌కు కాదు, బోర్డు సాకెట్లో ఉంటాయి. అక్కడ కాపాడుకోవాల్సింది బోర్డును.

పాత పేస్ట్ తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. ఇంట్లో ఉంది కదా అని అత్తరు పూయకండి, అది నూనె. కొత్త పేస్ట్ బఠానీ గింజంత చాలు.

కొత్త చిప్ ఆన్ చేయగానే ఎఫ్‌టీపీఎం రీసెట్ చేయాలా అని అడిగింది. కంగారు పడకండి. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి, తర్వాత వై నొక్కండి. బయోస్ అప్‌డేట్‌తో ఎక్స్ఎంపీ మళ్లీ ఆఫ్ అయి ఉంటుంది, అదీ ఆన్ చేయండి.

పెంచడం కాదు, తగ్గించడం

ట్యూనింగ్ అంటే వోల్టేజీ పెంచి, గిగాహెర్ట్జ్ పెంచి ఫొటో పెట్టడం అని నేనూ అనుకునేవాణ్ని. మాది పై అంతస్తు. మే నెల మధ్యాహ్నం గదిలో 40 డిగ్రీలు. కూలర్ ఏసీ కాదు. గది గాలికంటే చల్లగా చేయలేదు. 25 డిగ్రీల గదిలో 75 చూపించే చిప్, 40 డిగ్రీల గదిలో 90కి పోతుంది. 5600కు 90 డిగ్రీలే హద్దు. అది తగిలితే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. యూట్యూబ్‌లో చలిదేశం వాడి నంబర్లు మన గల్లీలో రావు.

అందుకే మనకు కావాల్సింది కర్వ్ ఆప్టిమైజర్. బయోస్‌లో ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ లోపల ఉంటుంది. కంపెనీ ప్రతి చిప్‌కూ భద్రత కోసం కాస్త ఎక్కువ వోల్టేజీ ఇస్తుంది. ఆ ఎక్కువను మెట్టు మెట్టుగా తగ్గించడమే దీని పని. ఒక్కో మెట్టుకు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. ఆల్ కోర్స్, నెగటివ్, 10తో మొదలుపెట్టా. బాగుంది. 15, 20 కూడా ఆడాయి. 25 దగ్గర ఆటలో ఏం కాలేదు, కానీ ఊరికే పాట వింటుంటే పీసీ రీస్టార్ట్ అయింది. ఇదే ఇందులో మోసం. బరువు పనిలో కాదు, ఖాళీగా ఉన్నప్పుడు పడిపోతుంది. కోర్‌సైక్లర్ అనే ఫ్రీ ప్రోగ్రామ్‌తో రాత్రంతా ఒక్కో కోర్ పరీక్షించా. 20లోనూ ఒక కోర్ తప్పు చేసింది. 15 దగ్గర ఆగిపోయా. మీ చిప్‌కు వేరే నంబర్ రావచ్చు, నాది కాపీ కొట్టకండి. ఇలాంటి సెట్టింగ్‌లకు వారంటీ వర్తించకపోవచ్చని ఏఎండీ ముందే చెబుతుంది, అది గుర్తుంచుకోండి.

క్యాబినెట్ ముందు ఒక ఫ్యాన్ బిగించా, దుమ్ము దులిపా. మధ్యాహ్నం పూట 89 చూపించే చిప్ 81 దగ్గర ఆగింది. వేగం పడిపోవడం లేదు. నా మానిటర్ 144 హెర్ట్జ్. అంటే ప్రతి ఫ్రేమ్ 6.9 మిల్లీసెకన్లలో రావాలి. సగటు ఎఫ్‌పీఎస్ చూసి మురిసిపోవద్దు, ఫైట్‌లో ఎంతకు పడుతోందో చూడండి. నాది ఇప్పుడు ఫైట్‌లోనూ 144 కిందికి దిగడం లేదు. ఇంకా చస్తున్నా. కానీ ఇప్పుడు తప్పు పీసీది అనడానికి లేదు.

పోయిన ఆదివారం మొఘల్‌పురాలో చిన్నాయన షాపు వెనక గదిలో పాత చిప్‌ను బోర్డులో పెట్టాం. నిజం ముందే చెప్పేశా. మా వాడు కాసేపు మాట్లాడలేదు. పవర్ బటన్ వాడితోనే నొక్కించా. ఫ్యాన్లు తిరిగాయి. స్క్రీన్ నల్లగానే ఉంది. పది సెకన్లు, ఇరవై... చిన్నాయన కుట్టు మిషన్ ఆపేసి వచ్చి నిలబడ్డాడు. అప్పుడొచ్చింది లోగో.

"అన్నా, వచ్చింది!"

ఎక్స్ఎంపీ ఎక్కడుందో వాడికి అప్పుడే చూపించా. ఇన్నేళ్లు ఫస్ట్ గేర్‌లో తిరగడం నాతోనే ఆగిపోవాలి కదా!