గోడ కొట్టే చెయ్యి మనది, గది వాళ్లది

పట్నంలో పాత అపార్ట్‌మెంటు ఉన్న బాబుగారికి కొడుకు పెళ్లి కుదిరితే ఏం చేస్తాడు? ఇంజనీరుని పిలుస్తాడు. హాలుకీ బాల్కనీకీ మధ్య గోడ తీయిస్తాడు. పనిమనిషి కోసం ఎప్పుడో కట్టిన చిన్న దొడ్డిని పగలగొట్టించి స్టోరు రూము చేయిస్తాడు. దానికి 'రెనొవేషన్' అని పేరు. మరి మన పిల్లోడికి పెళ్లయితే ఏం చేస్తాం? ఉన్న ఒక్క గదికి అడ్డంగా చీర కడతాం. దానికి ఏ పేరూ లేదు.

బాబు ఇంట్లో గోడ కొట్టేదెవరు? తెల్లారకముందే అడ్డాలో నిలబడ్డ మనోళ్లే. ఇటుక ముక్కలు తట్టల కెత్తుకుని నాలుగంతస్తులు దిగేది మన ఆడాళ్లే. లిఫ్టు ఎక్కకూడదు, మాసిపోద్దంట! దుమ్ము మన ఊపిరితిత్తుల్లోకి, గది వాళ్ల ఇంట్లోకి. చట్టం సంగతి కూడా చూడండి. నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం చేశారు. సొంతానికి కట్టుకునే ఇల్లు 10 లక్షల లోపుదైతే వర్తించదన్నారు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లో ఆ హద్దుని 50 లక్షలు చేశారు. అంటే బాబు ఇంట్లో గోడ కొట్టేవాడు చట్టం కంటికి కూలోడే కాదు.

ఇక మనకిచ్చిన ఇళ్ల దగ్గరికొద్దాం. ఆంధ్రలో టిడ్కో కట్టిన ఫ్లాట్లు మూడు సైజులు: 300, 365, 430 చదరపు అడుగులు. మూడొందల అడుగులంటే అటు ఇరవై, ఇటు పదిహేను. వంట, పడక, స్నానం, దొడ్డి, చదువు, జబ్బు, చావు అన్నీ అందులోనే. 2020లో ఆ మూడొందల అడుగుల ఇల్లు రూపాయికే ఇస్తున్నామని డప్పు కొట్టారు. మన డప్పే, మన మీదే.

రూపాయి సంగతి సరే, గోడ సంగతి ఎవరు చెప్పారు? బాబుల పాత అపార్ట్‌మెంట్లలో బరువంతా పిల్లర్లూ బీములూ మోస్తాయి. మధ్యలో ఉన్న ఇటుక గోడ చాలాచోట్ల ఉత్త అడ్డుగోడే. ఇంజనీరు చూసి సరేనంటే తీసెయ్యొచ్చు, జరపొచ్చు. టిడ్కో ఇళ్లు షియర్ వాల్ పద్ధతివి. అచ్చుల్లో కాంక్రీటు పోసి లేపిన గోడలే శ్లాబుని మోస్తాయి. తొందరగా అవుద్ది, గట్టిగానే ఉంటది. ఆ పద్ధతిని మేం తప్పుపట్టడంలేదు. కానీ ఆ గోడకి చిల్లి పెడితే పైనున్న అంతస్తుల ఆసరాకే చేటు. అంటే బాబుల ఇల్లు కుటుంబంతోపాటు పెరుగుద్ది. మన ఇల్లు కట్టిననాడు ఎంతో, మనవళ్లనాటికీ అంతే. పల్లెలో తాటాకు పాకకైనా పక్కన ఓ పంచ దించుకునేవాళ్లం. ఇక్కడ ఆ వీలూ తీసేశారు.

'మీరు కనడం తగ్గించుకోండి' అనే పెద్దమనుషులున్నారు. వాళ్లకో లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలో ఒక స్త్రీకి సగటున 1.7 పిల్లలే. ఇల్లు నిండేది పసిపిల్లలతోనే కాదు. ఊళ్లో ఒంటరైన ముసలమ్మ వస్తది. కాలేజీ సీటొచ్చిన మేనల్లుడొస్తాడు. అత్తింటోళ్లు తగలేసిన ఆడబిడ్డ వస్తది. వాళ్లని పొమ్మనమంటారా? పైగా 2024లో ఈ రాష్ట్ర ముఖ్యమంత్రే ఎక్కువమంది పిల్లల్ని కనమన్నాడు. స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధననీ అదే ఏడు ఎత్తేశారు. కనమన్నారు, ఎక్కడ పడుకోబెట్టాలో చెప్పలేదు!

బాబాసాహెబ్ చదువు గురించి సభల్లో అందరం చెప్పుకుంటాం. ఆ చదువు ఎక్కడ జరిగిందో కూడా చెప్పుకోవాలి. బొంబాయి పరేల్‌లో ఒక్క గది. తల దగ్గర తిరగలి, కాళ్ల దగ్గర మేక. పిల్లోడు పెందలాడే పడుకుంటే తండ్రి రాంజీ రాత్రి రెండింటిదాకా మేలుకుని లేపేవాడు. పిల్లోడు లేచి చదివితే, ఆ చోట్లో తండ్రి పడుకునేవాడు. ఆ పట్టుదలకి దండం పెడదాం. కానీ వందేళ్లు దాటినా మన పిల్లలు నిద్ర వంతులేసుకుని చదవాల్సి రావడం సర్కారుకి సిగ్గు కాదా? ఒక్కడు గెలిచాడు కాబట్టి ఒక్క గది చాలనడం దొంగ వాదం.

కొట్లాడితే అడుగులు పెరుగుతాయి. బొంబాయిలో 1920ల్లో కట్టిన బీడీడీ చాళ్లలో 160 అడుగుల గదులు, దొడ్లు ఉమ్మడి. మిల్లు కూలీలు, దళితులు తరాలుగా అందులోనే ఉన్నారు. ఏళ్లతరబడి అడగ్గా అడగ్గా 500 అడుగుల ఇళ్లకి ఒప్పందమైంది. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి విడతగా 556 ఇళ్ల తాళాలిచ్చారు. తెలంగాణలో 2015లో మొదలెట్టిన రెండు పడకగదుల ఇల్లు 560 అడుగులు. అక్కడ కుదిరింది ఇక్కడెందుకు కుదరదు?

అందుకే మేం అడిగేవి ఇవి. ఒకటి, ఇకమీదట పట్నంలో పేదలకి కట్టే ఏ ఇల్లూ 500 అడుగులకి తగ్గకూడదు. రెండు, కట్టేటప్పుడే పక్కపక్క ఇళ్ల మధ్య గోడలో గుమ్మమంత ఖాళీ ఉంచి ఇటుకతో మూయాలి. రేపు కుటుంబం పెరిగితే పక్క ఇల్లు కలుపుకునే హక్కు ఉండాలి. మూడు, ఏ గోడ తీయకూడదో, ఏది తీయొచ్చో తెలుగులో రాసిన ప్లాను ప్రతి బ్లాకుకీ ఇవ్వాలి. నాలుగు, ప్రతి బ్లాకులో పిల్లలు రాత్రి చదువుకోను లైట్లున్న హాలు ఉండాలి.

కార్యకర్తలకు ఒక మాట. రేపట్నుంచి కాలనీలోకి కరపత్రంతోపాటు కొలత టేపు కూడా పట్టుకెళ్లండి. ఇంటింటికీ ఎన్ని అడుగులు, ఎంతమంది మనుషులు, రాత్రి ఎవరు ఎక్కడ పడుకుంటున్నారు, అన్నీ రాయండి. కాంక్రీటు గోడల జోలికి మాత్రం ఎవర్నీ పోనివ్వొద్దు, ప్రాణాలు పోతాయి. ఆ కాగితాలన్నీ కట్టగట్టి సోమవారం గ్రీవెన్సులో కలెక్టరు బల్లమీద పెట్టండి. పల్లెల్లో ఉన్న అన్నలూ అక్కలూ, ఇది పట్నపోళ్ల గొడవని ఊరుకోకండి. రేపు మీ బిడ్డ చదువుకో పనికో వచ్చి దిగేది ఆ మూడొందల అడుగుల్లోనే.

ఊళ్లో మన వాడని ఊరి చివరికి నెట్టారు. పట్నంలో మన బతుకుని కాంక్రీటు పెట్టెలో బిగిస్తున్నారు. ఊరోళ్ల ఇళ్లలో వెయ్యి గోడలు పగలగొట్టిన చేతులివి. మన గది మనం సాధించుకోలేమా?