ఒక్క కుర్చీ వేస్తే సరిపోతుందా?

మొన్న ఎస్సే టెస్టులో వచ్చిన టాపిక్: "కార్పొరేట్ నాయకత్వంలో వైవిధ్యం: న్యాయమా, లాభమా?" మీలో చాలామంది ఏం రాసి ఉంటారో ఊహించగలను. మొదటి డ్రాఫ్టులో నేనూ అదే రాశాను. వైవిధ్యం ఉన్న కంపెనీలు ఎక్కువ లాభాలు తెస్తాయి, కన్సల్టెన్సీ నివేదికలు కూడా అదే చెబుతున్నాయి, కాబట్టి వైవిధ్యం మంచిది.

ఆ వాదన పక్కన పెట్టేయండి. ఉన్నతాధికారుల జాతి వైవిధ్యానికీ లాభాలకూ సంబంధం ఉందన్న మెకిన్సీ ఫలితాలను గ్రీన్, హ్యాండ్ అనే ఇద్దరు అమెరికన్ ప్రొఫెసర్లు ఎస్ అండ్ పీ 500 కంపెనీల మీద పరీక్షిస్తే అవి మళ్లీ రాలేదు. 2024లో ఆ పరిశోధన ప్రచురించారు. అయినా లాభం మీద కట్టిన వాదన నష్టం వచ్చిన ఏడాది కూలిపోతుంది. ఆ ఏడాది బోర్డులోని మహిళల్ని ఇంటికి పంపించేస్తామా?

మరి ఏ పునాది మీద రాయాలి? నాకు తెలిసిన ఒక చిన్న సంగతి చెప్తాను.

మాది శ్రీకాకుళం నుంచి వచ్చి అండమాన్‌లో స్థిరపడ్డ మత్స్యకార కుటుంబం. ఊరి పేరు ఇప్పుడు శ్రీ విజయపురం, మా ఇంట్లో మాత్రం ఇంకా పోర్ట్ బ్లెయిరే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 13 శాతం. నాన్న వేటకెళ్తాడు, అమ్మ చేపలమ్ముతుంది. నేను ఇంజనీరింగ్ అయ్యాక రెండేళ్లుగా ప్రిపరేషన్‌లో ఉన్నాను. మా చేపల సొసైటీలో పడవ ఉన్నవాడే సభ్యుడు, పడవలన్నీ మగవాళ్ల పేరు మీదే. అందుకని కమిటీ అంతా మగవాళ్లే. ఒక ఏడాది వాళ్లు వేలం పాట ఆరింటి నుంచి తెల్లవారుజామున నాలుగింటికి మార్చారు. పడవలవాళ్లకి అది సుఖం, పెద్ద కొనుగోలుదార్లకీ సుఖమే. మా వైపు నుంచి మొదటి బస్సు మాత్రం ఐదున్నరకి.

అమ్మ ఆ రోజు ఖాళీ గంపతో ఇంటికొచ్చి అంది: "ఏటే, నాలుగింటికి బస్సెక్కడుందని అక్కడ ఎవులూ అడగనేదేటి?"

ఎవరూ అడగలేదు. దుర్మార్గం వల్ల కాదు, వాళ్లలో ఎవరూ ఎప్పుడూ ఆ బస్సెక్కలేదు. నా దృష్టిలో ప్రాతినిధ్యానికి అసలు కారణం ఇదే. ఒక నిర్ణయం వల్ల ఎవరి తెల్లవారుజాము మారుతుందో వాళ్లకి తెలిసిన విషయం ఆ గదిలోకి రావాలి.

ఆడవాళ్లు గొడవ చేశాక కమిటీలో ఒక మహిళని వేశారు. కార్యదర్శిగారి వదిన. ఆవిడకి చేపల బజారుతో సంబంధమే లేదు. చూపించిన చోట సంతకం పెట్టేది.

ఇక్కడి నుంచి కంపెనీల చట్టానికి రండి. దూరమేమీ కాదు. 2013 చట్టంలోని సెక్షన్ 149(1) ప్రకారం లిస్టెడ్ కంపెనీల్లోనూ, 100 కోట్ల పెయిడ్-అప్ క్యాపిటల్ గానీ 300 కోట్ల టర్నోవర్ గానీ ఉన్న ఇతర పబ్లిక్ కంపెనీల్లోనూ కనీసం ఒక మహిళా డైరెక్టర్ ఉండాలి. చట్టం వచ్చిన కొత్తలో చాలా కంపెనీలు ప్రమోటర్‌గారి భార్యనో కూతురినో కూర్చోబెట్టి లెక్క సరిపెట్టాయి. కుటుంబం నుంచి వచ్చిన వాళ్లందరూ బొమ్మలని నేననడం లేదు. అపోలో కుటుంబానికి చెందిన శోభన కామినేని 2017లో సీఐఐకి తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. కానీ నియమం బంధుత్వాన్ని అడ్డుకోలేకపోయింది. ఉదయ్ కోటక్ కమిటీ 2017లో ఇచ్చిన నివేదిక తర్వాత సెబీ "స్వతంత్ర" మహిళా డైరెక్టర్ అన్న షరతు పెట్టింది. 2019 ఏప్రిల్ 1 నుంచి టాప్ 500 లిస్టెడ్ కంపెనీలకు, మరుసటి ఏడాది నుంచి టాప్ 1000కి. అంటే వదినల సంగతి సెబీకి కూడా తెలుసన్నమాట.

స్వతంత్రురాలైనా ఒక్కరే అయితే? పన్నెండు మంది బోర్డులో ఒక్కరంటే ఎనిమిది శాతం. పంచాయతీల్లో మనం మూడో వంతు ఇచ్చాం, ఆంధ్ర, తెలంగాణల్లో సగం. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీల మీద రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో 2004లో ప్రచురించిన అధ్యయనం మీకు తెలిసే ఉంటుంది. సర్పంచ్ పదవి మహిళలకు రిజర్వైన ఊళ్లలో తాగునీటి పనులు ఎక్కువ జరిగాయి. అక్కడ ఆవిడ చేతిలో ఉన్నది నిర్ణయాధికారం. కంపెనీ బోర్డులో మనం ఇస్తున్నది మినిట్స్ బుక్కులో ఒక వరుస. నార్వే 2003లోనే పబ్లిక్ లిమిటెడ్ కంపెనీల బోర్డుల్లో 40 శాతం అని చట్టం చేసింది. అక్కడ కూడా కొద్దిమంది మహిళలే చాలా బోర్డుల్లో కూర్చున్నారన్న విమర్శ వచ్చింది. అయినా ఒంటరి కుర్చీ కంటే అది మేలని నా అభిప్రాయం.

ఇప్పుడు మా ద్వీపాల విషయం. టెస్టు దిద్దినాయన ఈ పేరా పక్కన "అనవసరం" అని రాశాడు. నాకు ఇదే అవసరమనిపిస్తుంది.

ఇక్కడ శాసనసభ లేదు. లెఫ్టినెంట్ గవర్నర్, ఒక్క ఎంపీ. అండమాన్ నికోబార్ ద్వీపాల సమీకృత అభివృద్ధి సంస్థ, అదే అందరూ అనిడ్కో అనేది, 1988లో ఏర్పడిన ప్రభుత్వ కంపెనీ. ఇప్పుడు గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, టౌన్‌షిప్ నిర్మాణం దాని చేతిలోనే ఉంది. మొదట వేసిన అంచనా 72,000 కోట్లు. మళ్లించే అడవి సుమారు 130 చదరపు కిలోమీటర్లు. ఇలాంటి ప్రభుత్వ కంపెనీల్లో డైరెక్టర్ పదవి చాలావరకు ఉద్యోగంతో పాటు వస్తుంది, బదిలీతో పాటు పోతుంది. బోర్డులో మహిళా అధికారి ఉంటే సెక్షన్ 149 సంతృప్తి చెందుతుంది. గలాథియా బే ఐదు వందల కిలోమీటర్లకు పైగా అవతల ఉంటుంది. లిటిల్, గ్రేట్ నికోబార్ గిరిజన మండలి 2022 ఆగస్టులో ఇచ్చిన ఎన్‌ఓసీని నవంబరులో వెనక్కి తీసుకుంది. సునామీకి ముందు తాము నివసించిన భూములు కూడా ప్రాజెక్టులో ఉన్నాయన్నది వాళ్ల అభ్యంతరాల్లో ఒకటి. మా బస్సు టైము లాంటి ప్రశ్నే ఇది, వెయ్యి రెట్లు పెద్దది. మొదటి రోజే ఆ గదిలో అడగాల్సింది.

నికోబారీలకు నాయకత్వం కొత్త కాబట్టి ఇంకా సిద్ధంగా లేరని ఎవరైనా అంటే నాన్‌కౌరీ రాణి ఇస్లాన్ గురించి చదవమనండి. మన కార్పొరేట్ బోర్డులు ఆడవాళ్ల గురించి ఆలోచించడానికి ఎన్నో దశాబ్దాల ముందే అక్కడ ఆడమనిషి మాట చెల్లింది.

చట్టంలో దారి లేదా అంటే, ఉంది. సెక్షన్ 149(3) చూడండి, దాన్ని సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. ప్రతి కంపెనీకి ఏడాదిలో కనీసం 182 రోజులు భారతదేశంలో ఉన్న డైరెక్టర్ ఒకరైనా ఉండాలి. అంటే మనిషి ఎక్కడ బతుకుతున్నాడన్నది ముఖ్యమని చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. ఒక ప్రాంతం భూమి మీదే పనిచేసే ప్రభుత్వ కంపెనీకి ఆ ప్రాంతంలో 182 రోజులుండే స్థానిక డైరెక్టర్లు ఇద్దరు కావాలని, వాళ్లలో ఒకరు మహిళ కావాలని అడగడం అదే తర్కాన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్లడమే.

దీనికి రెండు ఇబ్బందులున్నాయి, దాచకుండా రాయండి. బోర్డులో కూర్చున్నవాళ్ల మొదటి బాధ్యత కంపెనీకే. సెక్షన్ 166(2) సమాజాన్ని, పర్యావరణాన్ని కూడా చూడమంటుంది నిజమే, కానీ డైరెక్టర్ తన ఊరికి వకీలు కాలేడు. రెండోది షోంపెన్లు. 2011 లెక్కల్లో 229 మంది. అడవిలో తమ మానాన బతికేవాళ్లకి బోర్డులో కుర్చీ వేస్తామనడం హాస్యం. వాళ్ల విషయంలో 1956 నాటి ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్, 2006 అటవీ హక్కుల చట్టం నిజంగా అమలవ్వాలి. వద్దు అనే హక్కు కుర్చీ కంటే పెద్దది.

మరొక్క మాట. 2014లో సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయినప్పుడు "మనోడు" అని మనమందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం. అదే ఏడాది అక్టోబరులో, జీతం పెంచమని అడగడం తెలియని మహిళలకు ఏం చెప్తారని ఒక సదస్సులో అడిగితే, అడగకపోయినా వ్యవస్థ మీద నమ్మకం ఉంచమన్నట్టు మాట్లాడి, తర్వాత తప్పని ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం గొప్పే. కానీ చూడండి, ఒక రకంగా మైనారిటీ అయినంత మాత్రాన ఇంకొకరి ఇబ్బంది దానంతటదే తెలిసిపోదు. అందుకే "వైవిధ్యం" అని రాసినప్పుడల్లా ఎవరి వైవిధ్యమో, ఏ నిర్ణయానికి అవసరమో పక్కనే రాయండి.

ఆ ఎస్సేకి నాకు మార్కులు తక్కువే వచ్చాయి. వేలం ఇప్పటికీ నాలుగింటికే. అమ్మవాళ్లు నలుగురు కలిసి ఒక ఆటో మాట్లాడుకున్నారు, దాని అద్దె గంపకింత అని పంచుకుంటారు. కమిటీలోని వదినగారు పోయిన నెల ఇంకో రెండేళ్లకి ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.